పాస్టరు గారి ఇంట్లో పాల నేల

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లాండులో ఉంటోంది. మేము వెళ్లినప్పుడు ససెక్స్ ప్రాంతంలోని ఆల్‌ఫ్రిస్టన్ అనే పల్లెలో చర్చి పక్కనే ఉన్న పాత ‘క్లెర్జీ హౌస్’ చూపించింది. పాస్టరు గారి ఇల్లంటే మన మిషన్ బంగళాల్లా స్తంభాలూ వరండాలూ ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే గడ్డి కప్పు, మట్టి మెత్తిన గోడలు; నడిమి గదికి అటకైనా లేదు. పలాస దగ్గర మా అమ్మమ్మ గారి చుట్టిల్లు గుర్తుకొచ్చింది. ఆ గదిని అంత ఎత్తుగా ఎందుకు వదిలేశారు? నేలకు పాలు పోసి గట్టిచేశారన్నారు, నిజమేనా?
— ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: నిజమేనమ్మా. అయితే పాల సంగతికి ముందు పొగ సంగతి చెప్పుకోవాలి. మీరు చూసినది 14వ శతాబ్దినాటి ఇల్లు. ఆ కాలంలో పల్లె ఇళ్లకు పొగగొట్టాలు ఉండేవి కావు; నడిమి గదిలో నేలమీదే నెగడు వేసుకుని, దాని చుట్టూ వండుకుని, తిని, చలి కాచుకునేవారు. పొగ నెమ్మదిగా పైకి లేచి కప్పు సందుల్లోంచి బయటికి పోయేది. ఆ గదిపైన అటక వేస్తే మనుషులకు ఊపిరాడదు, పైపెచ్చు నిప్పు అంటుకునే ప్రమాదం. అందుకే నడిమి గదిని వాసాల దాకా ఖాళీగా వదిలి, రెండు చివరల గదులకు మాత్రమే పై అంతస్తు వేశారు. ఒక చివర యజమాని కూర్చునే గది, దానిపైన పడకగది. రెండో చివర రొట్టెలూ పానీయాలూ దాచుకునే గదులు ఉండటం ఇలాంటి ఇళ్లలో ఆనవాయితీ. 16, 17 శతాబ్దాలలో పొగగొట్టాలు వచ్చాక చాలామంది నడిమి గదికి కూడా అంతస్తు వేసుకున్నారు. అటువంటి ఇళ్లలో ఈనాటికీ అటక ఎక్కి చూస్తే పాత వాసాలకు మసి కనిపిస్తుంది. ఒకప్పుడు కింద నెగడు మండిందనడానికి అదే సాక్ష్యం. ‘పొగచూరిన’ అనే మన మాట ఆ వాసాలకు అతికినట్టు సరిపోతుంది.

ముందువైపు నుంచి ఫోటో తీసుకుని ఉంటే మరోసారి చూడండి. రెండు చివరల పై అంతస్తులు కింది గోడకంటే కొంచెం ముందుకు పొడుచుకువచ్చి ఉంటాయి. నడుమ పై అంతస్తు లేదు కనుక అక్కడి గోడ లోపలికి ఉండిపోయింది. కప్పు మాత్రం మొత్తానికీ ఒకటే కావడంతో, చూరు ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా సాగి, నడుమ గోడకు దూరంగా గాలిలో నిలుస్తుంది. దాన్ని వంపు తిరిగిన కొయ్యలు కింది నుంచి మోస్తాయి. కెంట్, ససెక్స్ ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే ఈ పద్ధతికి వీల్డెన్ ఇల్లు అని పేరు. కలిగిన రైతులు కట్టుకున్న ఇళ్లూ ఇదే తీరులో ఉంటాయి. పాస్టరు గారి కోసమని వేరే నమూనా ఏమీ లేదు. మీరు ఊహించిన మిషన్ బంగళా మన ఎండకు తగ్గట్టు కట్టుకున్నది, ఇది వారి చలికి తగ్గట్టు కట్టుకున్నది.

ఇంటి బరువంతా ఓక్ దుంగల చట్రం మీదే ఉంటుంది. ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, మరో దుంగలో తొలిచిన రంధ్రంలో దూర్చి, అడ్డంగా కొయ్య మేకు దిగ్గొడతారు. పచ్చి కర్రతోనే పని కానిచ్చేవారు; అది ఆరేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. దుంగల మధ్య ఖాళీలలో తడికలు అల్లి, రెండు వైపులా గడ్డి కలిపిన మట్టి మెత్తుతారు. మీ అమ్మమ్మ గారి ఇల్లు గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. తేడా అల్లా చట్రంలో ఉంది: మన చుట్టింటికి గుండ్రని మట్టి గోడే బలం, తుఫాను గాలి ఆ గుండ్రతనం మీంచి జారిపోతుంది, అక్కడ మట్టి కేవలం గాలి చొరకుండా అడ్డు.

ఇక పాలు. ఆ ప్రాంతమంతా సుద్దకొండలు. ఆ సుద్దను పొడిచేసి, నేలమీద పరిచి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, పైన పులిసిన పాలు పట్టించారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆరిన తరువాత జిగురులా పట్టి, సుద్ద రేగకుండా ఆపుతుంది. మనం పేడతో అలికేది కూడా మట్టి రేగకుండా ఉండటానికే కదా. అయితే మన అలుకు వారం వారం వేయాలి. ఈ విషయంలో వారిదే సుఖమని ఒప్పుకోక తప్పదు.

ప్రశ్న: ఆ ఇంటిని పది పౌన్లకే కొన్నారని చదివాను. అచ్చుతప్పా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అచ్చుతప్పు కాదు. 19వ శతాబ్ది చివరికి ఆ ఇల్లు పాడుపడి, కూల్చివేసే దశకు వచ్చింది. ఊరి పాస్టరు గారు అడ్డుపడి సాయం కోసం తిరిగారు. పాత కట్టడాలనూ ప్రకృతి స్థలాలనూ కాపాడేందుకు 1895లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు అనే సంస్థ మరుసటి ఏడాదే, 1896లో, 10 పౌన్లకు దానిని కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం అదే. మరమ్మతులకు మాత్రం అంతకు ఎన్నోరెట్లు ఖర్చయింది. నడిమి గదిలో ఒక దూలం మూలన ఓక్ ఆకు చెక్కి ఉంటుంది. ట్రస్టు చిహ్నంలోని ఆకుకు అదే మూలమై ఉండవచ్చునని అక్కడివారు చెప్పుకుంటారు.