కార్టూన్లు వేసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక తీరగ్రామంలో ఉపాధ్యాయుణ్ణి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. మార్కులు బాగానే వస్తున్నాయి గానీ ధ్యాసంతా కార్టూన్ల మీదే. ఇంజినీరింగ్ వద్దు, కార్టూనిస్టునవుతానంటోంది. అది బతుకుతెరువు అవుతుందా? ఇంజినీరింగ్ చదువుతూ తీరిక వేళల్లో బొమ్మలు వేసుకోకూడదా? ఈ మధ్య మా ఊరి కుళాయిల మీద తను వేసిన బొమ్మ వాట్సాప్‌లో తిరిగి, ఒక నాయకుడు నన్ను పిలిపించి మాట్లాడే దాకా వచ్చింది. తన బొమ్మలు మూడు పంపుతున్నాను.

జవాబు: మాస్టారూ, ముందు ఆ బొమ్మల గురించి మాట్లాడి, తర్వాత కోర్సుల సంగతికి వస్తాను. కుళాయి బొమ్మ, బస్సు బొమ్మ ఫరవాలేదు. అలాంటివి పత్రికల్లో తరచూ చూస్తూనే ఉంటాం. బడిలో తల్లిదండ్రుల సమావేశం మీద వేసినది మాత్రం వేరు. టీచరమ్మ ప్రోగ్రెస్ కార్డులు పట్టుకుని నిలబడి ఉంది, ఎదురుగా కొన్ని కుర్చీల్లో తల్లులు కూర్చున్నారు, మిగిలిన కుర్చీల్లో మనుషులకు బదులు సెల్‌ఫోన్లు ఆనించి ఉన్నాయి, ఒక్కో తెర మీద ఒక తండ్రి ముఖం, ఆ ముఖం వెనక వెరావల్ రేవులో కట్టేసిన పడవలు. మన తీరం నుంచి ఏటా గుజరాత్ వెళ్లే మత్స్యకారుల వలస గురించి ఎన్నో వార్తాకథనాలు చదివాను గానీ, ఆ కుర్చీలు చెప్పినంత సూటిగా చెప్పినవి తక్కువ. అయితే తను అంతటితో ఆగకుండా బొమ్మ కింద వలస బతుకుల దుస్థితి అంటూ నాలుగు వరసల వ్యాఖ్య రాసింది. అది తీసేయమనండి. బొమ్మ చెప్పేసిన విషయాన్ని అక్షరాలు మళ్లీ చెబితే చదువరి చేయవలసిన పని ఏమీ మిగలదు. ఆ ఫోన్లలో ఒకదాని తెరను నల్లగా వదిలేస్తే ఎలా ఉంటుందో కూడా ఆలోచించమనండి. 2018 నవంబరులో వేటలో ఉండగా పాకిస్తాన్‌కు చిక్కిన మన రెండు జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు; ఆ నల్లటి తెర ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

లోపాలు కూడా ఉన్నాయి. కుర్చీల కాళ్లు ఒకే నేల మీద ఆనినట్టు లేవు, చేతివేళ్లు గీయవలసి వచ్చిన ప్రతిచోటా కొంగు చాటునో కాగితం చాటునో దాచేసింది, తల్లుల ముఖాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇవన్నీ కళాశాలలో నేర్పేవే. కుర్చీలో మనిషికి బదులు ఫోన్ పెట్టాలన్న ఊహను మాత్రం ఏ కళాశాలా నేర్పలేదు.

ఇక బతుకుతెరువు. దినపత్రికలో కార్టూనిస్టు ఉద్యోగం ఒక్కదాన్నే లక్ష్యంగా పెట్టుకోవద్దని తనకు స్పష్టంగా చెప్పండి. ఏ పత్రికలోనైనా ఆ కుర్చీలు ఒకటో రెండో ఉంటాయి, వాటిలో కూర్చున్నవారు దశాబ్దాల పాటు లేవరు. వారపత్రికలు చాలావరకు మూతపడటంతో కొత్తవాళ్లు చేయి తిప్పుకునే చోటు కూడా తగ్గిపోయింది. కానీ బొమ్మతో విషయం చెప్పగలవాళ్ల అవసరం ఇతర చోట్ల పెరిగింది: పిల్లల పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు, యానిమేషన్ స్టోరీబోర్డులు, ప్రకటనలు, ఆరోగ్య ప్రచారాలు. వరల్డ్ కామిక్స్ ఇండియా అనే సంస్థ గ్రామాల్లో మామూలు మనుషుల చేతనే వాళ్ల సమస్యల మీద నాలుగు గడుల కామిక్స్ గీయించి, గోడపత్రికలుగా అంటించే పద్ధతిని చాలా రాష్ట్రాలకు తీసుకెళ్లింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి, తాగునీటి గురించి, మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రల గురించి మన యాసలోనే చెప్పే అలాంటి గోడపత్రిక ఒకటి సెలవుల్లో తయారు చేయమనండి. ఆరోగ్య కేంద్రం గోడ మీద దాన్ని ఎంతమంది ఆగి చదువుతారో తను స్వయంగా చూడవచ్చు.

ఇంజినీరింగ్ చదువుతూ వేసుకోకూడదా అన్నది న్యాయమైన ప్రశ్నే, దానికి మన దగ్గర ఉదాహరణలూ ఉన్నాయి. తెలుగు కార్టూన్‌కు ఆద్యుడిగా చెప్పుకునే తలిశెట్టి రామారావు న్యాయవాది, బాపు న్యాయశాస్త్ర పట్టభద్రుడు, జయదేవ్ జంతుశాస్త్రం బోధించిన అధ్యాపకుడు, ఆర్.కె. లక్ష్మణ్‌కు బొంబాయి జె.జె. చిత్రకళా కళాశాల సీటే ఇవ్వలేదు. అయినా మీ అమ్మాయి విషయంలో నేను ఆ దారి సూచించను. వాళ్లలో చాలామందికి పని నేర్పినవి పత్రికలే. వారం వారం బొమ్మ అడిగే సంపాదకుడు ఉండేవాడు. ఇప్పుడు ఆ సంపాదకుడు లేడు కాబట్టి ఆ క్రమశిక్షణ చదువులోనే దొరకాలి. పైగా ఇష్టం లేని బ్రాంచిలో నాలుగేళ్లు బ్యాక్‌లాగ్‌లతో కుస్తీ పట్టే పిల్లలకు బొమ్మలు వేసే తీరిక మిగలదని మీకు నేను చెప్పాలా!

నాయకుడి సంగతికొస్తే, మీ భయం కాదనలేనిది. 1987లో ముఖచిత్రంగా వచ్చిన ఒక కార్టూన్‌కు ఆనంద వికటన్ అనే తమిళ వారపత్రిక సంపాదకుణ్ణి తమిళనాడు శాసనసభ జైలుకు పంపింది. 2012లో ఒక కార్టూన్‌ను ఇతరులకు పంపినందుకే కోల్‌కతాలో ఒక ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు. అలాంటి కేసుల్లో వాడుతూ వచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసింది. అయినా పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడమే ఒక శిక్ష. అందుకని గీయడం మానేయమనకండి, జాగ్రత్త నేర్పండి. కుళాయి రావడం లేదన్నది నిజమేనా, ఎన్నాళ్లుగా రావడం లేదు అన్నది ముందు కనుక్కోవాలి. మనిషి రంగును, కులాన్ని, అంగవైకల్యాన్ని కాకుండా చేసిన పనిని వెక్కిరించాలి. ప్రతి బొమ్మ మీద సంతకం, తేదీ ఉండాలి. ఇంటర్ పూర్తయ్యే దాకా గ్రూపుల్లో పెట్టే ముందు మీకొకసారి చూపించమనండి, మీరు మాత్రం తప్పులు చూడండి గానీ పదును తగ్గించకండి.

కోర్సుల్లో నా మొదటి ఎంపిక నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. (లలితకళల డిగ్రీ), అందులోనూ ప్రకటనలకు, పుస్తకాలకు బొమ్మలు వేయడం నేర్పే అప్లైడ్ ఆర్ట్. దగ్గరలో విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు.) కూడా మంచిదే, అయితే స్థానికత నిబంధనలను ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. మార్కులు బాగా వచ్చే పిల్ల కాబట్టి డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్షలు రాయించి తీరాలి: ఐ.ఐ.టి.ల బి.డిజైన్ డిగ్రీకి యూసీడ్ అనే పరీక్ష, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్.ఐ.డి.)కి డాట్ అనే పరీక్ష. వీటికి ఇంటర్‌లో ఏ గ్రూపయినా సరిపోతుంది, ఎం.పి.సి. వృథా కాదు. యూసీడ్ జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి, మొత్తం మీద రెండుసార్లకు మించి రాయనివ్వరు, అదీ వరుస ఏళ్లలోనే. ఈఏపీసెట్ కూడా రాయించండి. దానివల్ల నష్టం లేదు, ఇంట్లో వాదనా తగ్గుతుంది.

ఈలోగా ప్రతి ఆదివారం శ్రీకాకుళంలో కథకుడు కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి తీసుకెళ్లండి. అక్కడి పాత పత్రికల్లో కథలతో పాటు కార్టూన్లూ కనిపిస్తాయి, నచ్చిన వాటిలో క్యాప్షన్‌లో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టమనండి. మిగతా రోజుల్లో అరగంట చేతులు, పాదాలు, కుర్చీలు చూసి గీస్తే చాలు. డ్రాయింగ్ ట్యాబ్లెట్ ఇప్పుడే కొనవద్దు.