స్టూడియో ఫ్లాట్ పనులు మనమే చేసుకుంటే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. పాత బిల్డింగ్‌లో 30 చదరపు మీటర్ల స్టూడియో ఫ్లాట్ కొన్నాం. ఒకే గది, మూలన వంటగట్టు, ఒక బాత్రూమ్. వైరింగ్, పైపులు, నేల, గోడలు అన్నీ బాగుచేయాలి. రెండు నెలల్లో చేసిస్తానంటూ కాంట్రాక్టర్ చెప్పిన మొత్తం విని గుండె జారింది. శని, ఆదివారాల్లో మేమే చేసుకుంటే కూలీ మొత్తం మిగులుతుంది కదా అనిపిస్తోంది. డబ్బు సరిపోకపోతే ఇంటి లోన్ మీద టాప్‌అప్ (ఉన్న లోన్‌కే కలిపే అదనపు అప్పు) తీసుకోవాలా, పర్సనల్ లోన్ మంచిదా, క్రెడిట్ కార్డు వాడాలా? ప్రస్తుతం అద్దె ఇంట్లో ఉంటూ కొత్త ఫ్లాట్ ఈఎంఐ కూడా కడుతున్నాం.

జవాబు: మీ ఉత్తరంలో ముఖ్యమైన మాట చివరి వాక్యంలో ఉంది. అద్దె, ఈఎంఐ రెండూ ఒకేసారి కడుతున్నారు. కాబట్టి మీ ఇంటి పనిలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు టైల్స్ కాదు, కూలీ కూడా కాదు, నెలలు.

మీరు పంపిన అంకెలను నేను ఒక కొలతకు మార్చుకున్నాను. కాంట్రాక్టర్ చెప్పిన మొత్తాన్ని 100 అనుకుందాం. ఆ లెక్కన మీ దగ్గర ఉన్న పొదుపు 130. అద్దె, ఈఎంఐ, ఇంటి ఖర్చులు అన్నీ కలిపి నెలకు 12 అవుతున్నాయి, అందులో అద్దె 5. అన్నీ పోగా నెలకు 4 మిగులుతోంది. కాంట్రాక్టర్ 100లో మెటీరియల్ 55, కూలీ 45 ఉంటాయని ప్రస్తుతానికి అనుకుంటున్నాను. అసలు విభజన అతన్నే అడిగి రాయించుకోండి.

ముందు ఒక గీత గీద్దాం. ఆరు నెలల ఖర్చు, అంటే 72, ముట్టుకోకూడదు. ఇల్లు కొన్న మొదటి ఏడాది ఎవరికైనా చేతులు ఖాళీగా ఉండే ఏడాది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం ఆగినా ఈఎంఐ ఆగదు. 130లో 72 పక్కన పెడితే పనికి వాడదగ్గది 58.

ఇప్పుడు మీ ఆలోచనే చూద్దాం. కాంట్రాక్టర్ రెండు నెలలు అడిగాడన్నారు. నెలకు 25 పని రోజులు, సగటున ఇద్దరు మనుషులు అనుకుంటే మొత్తం 100 మనిషి-రోజుల పని. మీ ఇద్దరూ ఒక్క వారాంతం కూడా వదలకుండా వస్తే నెలకు 16 మనిషి-రోజులు. అంటే చేయి తిరిగిన మేస్త్రీ వేగంతో చేసినా ఆరు నెలల పైమాటే. కొత్తవాళ్ళకు కనీసం ఒకటిన్నర రెట్లు పడుతుంది, పది నెలలకు దగ్గరవుతుంది. మెటీరియల్ 55, కోతలో పాడైపోయేది 6, పనిముట్లు 5, పది నెలల అద్దె 50. మొత్తం 116.

కాంట్రాక్టర్‌తో అయితే 100, రెండు నెలల అద్దె 10. కానీ 58 దాటిన 42కి అప్పు చేయాలి. ఏడాదికి 12 శాతం వడ్డీతో మూడేళ్ళకు తీసుకుంటే ఆ 42 మీద వడ్డీ 8 దాకా అవుతుంది. మొత్తం 118. మధ్యలో పుట్టుకొచ్చే అదనపు పనులను ఇందులో కలపలేదు.

116కీ 118కీ తేడా ఎంత? పది నెలల సెలవు దినాలన్నీ సిమెంటు దుమ్ములో గడిపితే మిగిలేది 2. "కూలీ మొత్తం మిగులుతుంది" అన్న నమ్మకం ఇక్కడ చెదిరిపోతుంది. పెద్ద ఇల్లయితే ఒక గదిలో ఉంటూ ఇంకో గది చేసుకోవచ్చు, పది నెలలు సాగినా అద్దె ఉండదు. స్టూడియోలో ఆ వెసులుబాటు లేదు. ఉన్నది ఒక్క గది, ఒక్క బాత్రూమ్. బాత్రూమ్ పగలగొట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఉండలేరు, మంచం జరపడానికి కూడా చోటుండదు.

నేను చెప్పేది మూడో దారి. పనిని రెండు విడతలుగా చీల్చండి. చేరిపోవడానికి తప్పనిసరైనది మొదటి విడత, చేరాక చేసుకోగలిగేది రెండో విడత. మొదటి విడతలోనూ నీళ్ళు, కరెంటు ఉన్న ప్రతి పనీ పనివాళ్ళకు ఇవ్వండి. పొడి పనులు మీరు చేయండి.

బాత్రూమ్, పైపులు, వైరింగ్, నేల, రంగులు, వంటగట్టు మీద సింకు మొదటి విడత. దీనికి మెటీరియల్ 30, బయట ఇచ్చే పనుల కూలీ 22, పనిముట్లు, పాడైపోయేవి కలిపి 5. అనుకోని ఖర్చులకు 8 చేర్చండి. ఇది పై 57లో సుమారు 14 శాతం, పాత గోడల వెనక ఏముందో తెలియనప్పుడు ఇంతకన్నా తగ్గించొద్దు. అంతా కలిపి 65. మీ దగ్గర 58 ఉంది, పని జరిగే మూడు నెలల్లో మిగిలేది 12, మొత్తం 70. అప్పు అవసరం రాలేదు చూశారా. మూడు నెలల అద్దె 15 ఎలాగూ మీ నెలవారీ ఖర్చులోంచే పోతుంది. రెండో విడతలో అరలు, బట్టల బీరువా, మడత మంచం, ముచ్చట లైట్లు కలిపి 25. విడి భాగాలుగా దొరికే అరలు కొని మీరే బిగించుకోండి. అద్దెతో కలిపి చూసినా ఈ దారి 105లో ముగుస్తుంది, కాంట్రాక్టర్ దారి కన్నా 13 తక్కువ.

చేరిన నెల నుంచి అద్దె 5 ఆగిపోతుంది. పాత మిగులు 4తో కలిపి నెలకు 9. మూడు నెలల్లో ఆ 25 పూర్తవుతుంది. మీ అరల డబ్బు కట్టేది, ఆగిపోయిన అద్దె. అందుకే మొదటి విడతలో ప్రతి నిర్ణయానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది లేకపోతే మనం ఈ ఇంట్లో పడుకోలేమా? పడుకోగలిగితే అది రెండో విడతలోకి పోవాలి.

చేరాక నెల ఖర్చు 12 నుంచి 7కి దిగుతుంది కాబట్టి ఆరు నెలల నిధి 72 బదులు 42 చాలు. 30 విడుదలైనట్టు కనిపిస్తుంది. దాంతో అరలన్నీ ఒకేసారి కొనేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. కొత్తగా వేసిన పైపులు, జాయింట్లు వాడకంలోకి వచ్చాకే తమ లోపాలు చూపిస్తాయి. కనీసం ఆరు నెలలు ఆ 30ని అలాగే ఉంచండి.

నీళ్ళ పని పనివాళ్ళకే ఇమ్మని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా సొంత అనుభవం. నా మొదటి చిన్న ఫ్లాట్‌లో బాత్రూమ్ టైల్స్ నేనే వేసుకున్నాను. వాటర్‌ప్రూఫింగ్ పూత కూడా నేనే పూశాను. తూము మూసి నీళ్ళు నిలిపి చూడాలని తెలుసు, కానీ ఆదివారం సాయంత్రం అయిపోతోందని ఆ పరీక్ష వదిలేశాను. ఆరో నెలలో కింది ఇంటి సీలింగ్ మీద చెమ్మ కనబడింది. టైల్స్ పగలగొట్టి, పూత మళ్ళీ వేయించి, కింది వాళ్ళ సీలింగ్ కూడా బాగు చేయించాను. మిగిల్చిన కూలీకి రెట్టింపు పోయింది. కింది ఇంటావిడ ఒక్క మాట అనలేదు. ఆవిడ వంటింట్లో బకెట్ పెట్టుకుని ఉండడం చూసి నాకు కలిగిన బాధ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఫ్లాట్ అంటే మన నేల ఇంకొకరి కప్పు. కాబట్టి ఎవరు చేసినా సరే, టైల్స్ వేయకముందే బాత్రూమ్ తూము మూసి, నేలంతా మునిగేలా నీళ్ళు నింపి కనీసం 24 గంటలు వదిలేయండి. తర్వాత కింది ఇంటికి వెళ్ళి సీలింగ్ చూసి రండి. ఆ పరీక్ష నెగ్గేదాకా ప్లంబర్‌కు, టైల్స్ మేస్త్రీకి చివరి 10 శాతం ఇవ్వకండి. ఈ మాట పని మొదలుపెట్టే ముందే చెప్పి ఒప్పించుకోవాలి, మధ్యలో చెబితే గొడవే. మొత్తం డబ్బు అడ్వాన్స్‌గా ఎప్పుడూ ఇవ్వొద్దు, పని ఎంత అయితే అంత.

కరెంటు పని విషయంలో ఇంకో కోణం ఉంది. లైసెన్సు లేనివారు చేసిన వైరింగ్ వల్ల మంటలు వస్తే బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడవచ్చు. మీ పాలసీలో దీని గురించి ఏం రాశారో పని మొదలయ్యేలోపు చదవండి. వైరు లాగే గాడులు మీరే కొట్టుకోవచ్చు కదా అంటే, ఎలక్ట్రీషియన్ గీసి ఇచ్చిన చోట, అది బరువు మోసే గోడ కాదని తేలాకే. గోడలు మూసే ముందు కొలత టేపు ఆనించి పైపుల, వైర్ల ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు అర బిగించడానికి డ్రిల్ పెట్టినప్పుడు ఆ ఫొటోలే పైపును కాపాడతాయి.

ఇక మీ చేతి పనులు. పాత అరలు ఊడదీయడం, పుట్టీ, ప్రైమర్, రంగు, క్లిక్ పలకల (ఒకదానిలో ఒకటి బిగిసే పలకల) నేల, చివర్లో అరలు బిగించడం. ఇవి తప్పు జరిగినా సరిదిద్దుకోగలిగినవి, తప్పు ఖర్చు మీ గదిని దాటి పోదు. రంగు లెక్క మీరే వేసుకోవచ్చు. గది 6 మీటర్లు బై 5 అయితే చుట్టుకొలత 22 మీటర్లు. ఎత్తు 2.7 మీటర్లు అనుకుంటే గోడలు దాదాపు 59 చదరపు మీటర్లు, తలుపులు, కిటికీలు తీసేస్తే 50. రెండు పూతలకు 100. నున్నటి గోడ మీద లీటరు రంగు ఒక పూతకు సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది, కాబట్టి 10 లీటర్లు. సీలింగ్‌కి ఇంకో 6. దుకాణంలో ఇంతకు మించి అంటగడితే ఎందుకని అడగండి. నేల పలకలు, టైల్స్ మాత్రం కొలతకు 10 శాతం ఎక్కువ, అన్నీ ఒకే బ్యాచ్‌లో కొనండి. బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది, ఒక్క గది ఇంట్లో దాన్ని దాచే మూల ఉండదు.

పనుల వరసే డబ్బు. నేల ఎత్తుపల్లాలు సరిచేసే సిమెంటు పొర రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున ఆరుతుంది. 40 మిల్లీమీటర్ల పొర అంటే దాదాపు 40 రోజులు. అది ఆరకుండా చెక్క పలకలు వేస్తే ఉబ్బి లేస్తాయి, రెండోసారి కొనాలి. కాబట్టి పగలగొట్టడం అవగానే, నేల కింద పోవాల్సిన పైపులేవైనా ఉంటే వేయించి, వెంటనే ఆ పొర వేయించండి. అది ఆరేలోపు బాత్రూమ్, వైరింగ్, పుట్టీ, రంగు నడుస్తాయి. అదే పొరను రంగుల తర్వాత వేస్తే నెలకు పైగా అద్దె, అంటే 5 కన్నా ఎక్కువ, ఊరికే పోతుంది.

కోత మిషన్, పెద్ద డ్రిల్ అద్దెకు తీసుకోండి. చేరాక కూడా వాడే చిన్న డ్రిల్, స్పిరిట్ లెవెల్ (రసమట్టం) కొనుక్కోండి. మాస్కు దగ్గర మాత్రం పొదుపు వద్దు. టైల్స్, సిమెంటు కోసినప్పుడు లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది, మూసిన చిన్న గదిలో మరీ ప్రమాదం. పాత బిల్డింగ్ అన్నారు కాబట్టి పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా పొడిగా రుద్దకండి.

లోన్ గురించి అడిగారు కాబట్టి అదీ చెబుతాను. నెలకు 3 శాతం వడ్డీ పడే క్రెడిట్ కార్డు మీద 100 బాకీ ఏడాది వదిలేస్తే 142 దాటుతుంది, దాని ఊసే వద్దు. టాప్‌అప్ చౌకగా కనిపిస్తుంది, ఏడాదికి 9 శాతమే కావచ్చు. కానీ 15 ఏళ్ళకు తీసుకుంటే 100కు మొత్తం 182 పైగా కడతారు. మీరు వేసిన రంగు అన్నేళ్ళు నిలవదు, వాయిదాలు మాత్రం నిలుస్తాయి. 12 శాతానికి మూడేళ్ళ పర్సనల్ లోన్ అయితే 100కు దాదాపు 120తో అయిపోతుంది. గోడ పగలగొట్టాక పైపులన్నీ కుళ్ళి ఉన్నాయని తేలి, 8 చాలకపోతే, అంతమేరకే, తక్కువ కాలానికే తీసుకోండి. ముందుగా తెచ్చి పెట్టుకున్న అప్పు ఖర్చయ్యేదాకా చేతిని దురద పెడుతూనే ఉంటుంది.

మెరుగుల విషయంలో బిల్డింగ్‌లోని ఇతర స్టూడియోలు ఎంతకు అమ్ముడవుతున్నాయో కనుక్కోండి. గది చిన్నదైనప్పుడు ఎంత ఖరీదైన రాయి పరిచినా ఆ ధర గీత పెద్దగా పైకి లేవదు. మీకు ఇష్టమై పెట్టుకుంటే పెట్టుకోండి, పెట్టుబడి అని మాత్రం అనుకోకండి. బిల్లులన్నీ దాచండి. చాలా దేశాల్లో ఇంటిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చును అమ్మినప్పుడు లాభంలోంచి తీసేసి పన్ను లెక్క కడతారు.

ఈ వారం రెండు పనులు చేయండి. ఫ్లాట్ ఓనర్ల సంఘం దగ్గరికి వెళ్ళి పనికి అనుమతి, చప్పుడు చేయదగిన గంటలు, మట్టి పారబోసే ఏర్పాటు, డిపాజిట్ అడగండి. వారాంతాల్లో పగలగొట్టే, ఊడదీసే పనులు నిషిద్ధమని చెబితే మీ చేతి పనుల్లో ఒకటి తగ్గి, బయట కూలీ 22కు మించుతుంది. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర మెటీరియల్ వేరు, కూలీ వేరుగా రాయించండి. కూలీ 45 కాక 30, మెటీరియల్ 70 అని తేలితే, అందులో సగమే బయటికి ఇచ్చినా, నేను చెప్పిన దారిలో మిగిలేది 13 నుంచి 5కి పడిపోతుంది. ఆ 5 కోసం, ఆ అప్పు తప్పించుకోవడం కోసం, మూడు నెలల వారాంతాలు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.