గుర్రాలు లాగిన కోత యంత్రంలో కత్తి ఎలా ఆడేది?

అడిగిన ప్రశ్న: "మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. తొలినాళ్ల పంట కోత యంత్రాల మీద సెమినార్ ఇవ్వాలి. ఇంజిన్ లేని రోజుల్లో గుర్రాలు లాగితే కత్తి ఎలా కదిలేది? మెకార్మిక్ కనిపెట్టాడంటారు, నిజమేనా? చిన్న మోడల్ చేయాలంటే ఎవరి డిజైన్ తీసుకోవాలి?"

మాది కృష్ణా డెల్టా. మాకో హార్వెస్టర్ ఉంది, కోతల సీజన్‌లో అద్దెకు తిప్పుతాం. డ్రైవర్ వేరే ఉన్నాడు గానీ, ముందు కటింగ్ భాగంలో ఏది పాడైనా స్పానర్లు పట్టుకుని కింద దూరేది నేనే. ఆ పిచ్చితోనే పాత యంత్రాల పేటెంట్ బొమ్మలు, మ్యూజియం ఫొటోలు వెతికి చూడటం అలవాటైంది. చూసేకొద్దీ తెలిసిందేమిటంటే, మా మిషన్ మూతి దగ్గర ఉన్న ముఖ్యమైన భాగాలన్నీ 1850కి ముందే వచ్చేశాయి. వెనక ఇంజిన్, హైడ్రాలిక్స్ మాత్రమే కొత్తవి.

సెమినార్‌లో అందరూ కత్తితో మొదలుపెడతారు. మీరు ఎడమచేత్తో మొదలుపెట్టండి. కొడవలితో వరి కోసేవాళ్లని కాసేపు గమనిస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. కుడిచేతి పని ఒక్కటే, కొడవలి లాగడం. ఎడమచెయ్యి దుబ్బుని పక్కదాని నుంచి విడదీస్తుంది, గుప్పిట్లో బిగించి పడుతుంది, కొడవలి తగిలినప్పుడు వంగిపోకుండా ఆపుతుంది, తెగాక వెన్నులన్నీ ఒకే వైపు ఉండేలా పనగా పరుస్తుంది. పదునైన కత్తి చేయడం 1800 నాటికి ఏ కమ్మరికైనా వచ్చు. ఆ ఎడమచేతి పనులు ఇనుముతో, చెక్కతో ఎలా చేయించాలో తెలియకే యంత్రం అంతకాలం రాలేదు.

అప్పట్లో బ్రిటన్‌లో కొందరు గుండ్రంగా తిరిగే కత్తులతో ప్రయత్నించారు. అవి నిలవలేదు. గడ్డిపోచని ఏ ఆసరా లేకుండా గాల్లో తెగ్గొట్టాలంటే కత్తికి విపరీతమైన వేగం కావాలి. ఇప్పుడు గట్ల మీద గడ్డి కొట్టే బ్రష్ కట్టర్‌కి ఆ వేగాన్ని పెట్రోల్ ఇంజిన్ ఇస్తుంది. నడిచే గుర్రం ఇవ్వలేదు. నెమ్మదిగా కదిలే కత్తికి గడ్డిని ఎదురుగా ఆపి పట్టే ఆసరా ఉండి తీరాలి.

కత్తి లేకుండా కోసే దారి ఒకటి అంతకు చాలా ముందే ఉంది. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, గాల్ ప్రాంతంలో (ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల) వాడే ఒక బండి గురించి రాశాడు. రెండు చక్రాల మీద పెట్టె, దాని ముందు అంచుకి వరసగా పళ్లు. పశువుని వెనక కట్టి బండిని చేలోకి నెట్టిస్తారు. కంకి మెడ పళ్ల సందున ఇరుక్కుని తెగి పెట్టెలో పడుతుంది, గడ్డి చేలోనే నిలబడి ఉంటుంది. ఇలాంటి బండి చెక్కిన రాతి శిల్పం 1958లో బెల్జియంలోని బ్యూజెనోల్ దగ్గర దొరికింది కాబట్టి ఇది కాగితం మీది ఊహ కాదు.

ఇక అసలు కథ స్కాట్లాండ్‌లో పాట్రిక్ బెల్‌తో మొదలవుతుంది. రైతు కొడుకు, పాదిరీ చదువు చదువుతున్నాడు. తోటలో కంచె కత్తిరించే పెద్ద కత్తెర చూసి, ఇలాంటివి వరసగా బిగిస్తే చేను ఎందుకు తెగదు అనుకున్నాడు. ఆయన చేసిన మొదటి పరీక్ష నాకు భలే నచ్చుతుంది. పొలంలోకి పోతే జనం నవ్వుతారని, షెడ్డులోకి మట్టి మోసుకొచ్చి పరిచి, అందులో ఓట్స్ కాడలు ఒక్కొక్కటీ నాటి, తలుపులు వేసుకుని యంత్రాన్ని తానే నెట్టాడు. తెగింది బాగానే తెగింది, తెగినదంతా గందరగోళంగా కుప్పపడింది. అప్పుడు కత్తెరల వెనక రోలర్ల మీద ఏటవాలుగా తిరిగే గుడ్డ పట్టా పెట్టాడు. కోసిన పైరుని పట్టుకుని పక్కకు వరసగా దించడం దాని పని.

1828లో బెల్, ఆయన సోదరుడు కలిసి రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా గుర్రాన్ని కట్టి చేలోకి దిగారు. కొంత దూరం పోయి చూస్తే పైరు మళ్లీ చిందరవందర. అప్పుడు గుర్తొచ్చింది, రీలు షెడ్డులోనే ఉండిపోయిందని. రీలు అంటే ముందుభాగంలో పైన తిరిగే చెక్క బద్దల చట్రం. నిలబడ్డ పైరుని కత్తి మీదకు వంచి, తెగాక పట్టా మీద వాలేలా చేస్తుంది. పరుగున పోయి తెచ్చి బిగించాక యంత్రం సాఫీగా నడిచింది. కత్తెరలు అవే, గుర్రం అదే. మారింది ఎడమచెయ్యి ఒక్కటే. బెల్ పేటెంట్ తీసుకోలేదు. ఎవరు కావాలంటే వాళ్లు చేసుకోండని వదిలేశాడు. వ్యవసాయ సంఘం వాళ్లు 50 పౌండ్ల బహుమతి ఇచ్చారు.

బెల్ డిజైన్‌లో ఇబ్బంది కత్తెరలతోనే. ఒక్కో కత్తెరకి ఒక్కో ఇరుసు, ఒక్కో బిగింపు. ఏ ఒక్కటి వదులైనా అక్కడ కోత చెడుతుంది.

దాన్ని తేల్చినవాడు అమెరికాలో ఒబెడ్ హస్సీ. 1833 జులైలో ఒహాయోలో రైతుల ముందు నడిపించి చూపించాడు, అదే ఏడాది డిసెంబర్ 31న పేటెంట్ పొందాడు. ఆయన కత్తి ఇలా ఉంటుంది: ఒక పొడవైన ఇనుప బద్ద మీద త్రికోణం బ్లేడ్లు వరసగా రివెట్ చేసి ఉంటాయి. బద్ద అటూ ఇటూ ఆడుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప వేళ్లు వరసగా కదలకుండా ఉంటాయి, ప్రతి వేలికీ మధ్యలో చీలిక. బ్లేడు ఆ చీలికలోంచి పోతుంది. కాబట్టి గడ్డిపోచ వేలికి ఆనుకున్నప్పుడు దానికి బ్లేడు పైనా ఆసరా ఉంటుంది, కిందా ఆసరా ఉంటుంది. వంగడానికి చోటు లేక తెగుతుంది. వేళ్లే పైరుని పాయలుగా విడదీస్తాయి కూడా.

ఈ ఆసరా ఎంత ముఖ్యమో మా మిషన్ దగ్గర ఎప్పుడూ చూస్తుంటాను. చేలో ఒక చాలు వెంబడి కొయ్యకాళ్లు ఎగుడుదిగుడుగా, నమిలి వదిలేసినట్టు కనిపిస్తే డ్రైవర్ ముందు బ్లేడ్లు మార్చమంటాడు. చాలాసార్లు బ్లేడ్లకి ఏమీ కాదు. ఫింగర్ (పైన చెప్పిన ఇనుప వేలు) మీద బ్లేడు రాసుకునే అంచు అరిగి గుండ్రబడి ఉంటుంది, గోరు పెట్టి లాగితే పట్టదు. లేదా బ్లేడుని కిందకి అదిమి ఉంచే క్లిప్పు లేచిపోయి, మధ్యలో సందు వచ్చి ఉంటుంది. స్క్రూ వదులైన కత్తెర గుడ్డని కోయకుండా మడతపెట్టి ఇరికించుకున్నట్టు, ఆ సందులో గడ్డి మడతపడుతుంది. తెల్లవారుజాము మంచుకి తడిసిన గడ్డి అయితే ఇక చెప్పక్కర్లేదు. క్లిప్పుని సుత్తితో రెండు దెబ్బలు కొట్టి సందు తగ్గిస్తే పాత బ్లేడ్లతోనే శుభ్రంగా కోస్తుంది.

హస్సీ మొదటి యంత్రానికీ ఇదే జబ్బు, ఇంకో రకంగా. వేలి చీలికలో గడ్డి తునకలు, పసరు పేరుకుని కత్తి బిగుసుకునేది. 1847లో చీలికని తెరిచి ఉంచే కొత్త రకం వేళ్లకి పేటెంట్ తీసుకున్నాడు. తునకలు బయటికి జారిపోయే దారి దొరికింది. చరిత్ర రాసేవాళ్లు ఈ మార్పుని ఒక్క వాక్యంలో దాటేస్తారు. నన్నడిగితే 1833 పేటెంట్ కంటే ఇదే పెద్దది, ఎందుకంటే తడి చేలో రోజంతా ఆగకుండా కోయగలిగిన కత్తి అప్పుడే వచ్చింది.

సైరస్ మెకార్మిక్ వర్జీనియావాడు. వాళ్ల నాన్న రాబర్ట్ ఏళ్ల తరబడి కోత యంత్రంతో కుస్తీ పట్టి వదిలేశాడు. కొడుకు 1831లో నడిపించి చూపించి, 1834 జూన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పనిలో ఆయనకి సాయపడిన జో ఆండర్సన్ ఆ కుటుంబం కింద బానిసగా ఉన్న మనిషి. మీ స్లైడ్లలో ఆ పేరు తప్పకుండా పెట్టండి. మెకార్మిక్ మొదటి కత్తి, అంచుకి మన కక్కు కొడవలిలా సన్నటి పళ్లున్న నిడుపాటి బద్ద. కత్తి విషయంలో హస్సీదే పైచేయి. అయితే హస్సీ యంత్రానికి రీలు లేదు, గుర్రాలు చురుగ్గా నడవకపోతే పైరు సరిగా వాలేది కాదు. మెకార్మిక్ రీలు పెట్టాడు. కోసే పైరునీ నిలబడే పైరునీ వేరుచేసే కొమ్ము పక్కన పెట్టాడు. కోసినది పడటానికి బల్ల పెట్టాడు. గుర్రాలని ఒక పక్కగా కట్టి, అవి కోసేసిన నేల మీద నడిచేలా చేశాడు.

ఇంకో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ కూలి లెక్కల్లో పెద్దది. హస్సీ బల్ల మీది పైరుని యంత్రం వెనక్కి తోసేవాళ్లు. తర్వాతి చుట్టు గుర్రాలు నడిచే దారి అదే కాబట్టి, మళ్లీ వచ్చేలోపు కట్టలు కట్టి తీసేయాలి. మెకార్మిక్ దాంట్లో పక్కకి లాగేస్తారు. కట్టేవాళ్లు తీరిగ్గా వెనక రావచ్చు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, కత్తి ఎలా ఆడేదని. యంత్రం బరువంతా మోసే ఒక పెద్ద ఇనుప చక్రం ఉంటుంది, నేలలో పట్టు దొరకడానికి దాని చుట్టూ అడ్డపట్టీలు. గుర్రాలు లాగితే చక్రం తిరుగుతుంది, గేర్లు ఆ వేగాన్ని పెంచుతాయి, చివర్లో క్రాంకు (మధ్య నుంచి పక్కకి జరిగిన పిన్నుతో తిరిగే భాగం), దాని నుంచి కత్తికి పోయే చెక్క కడ్డీ. తిరిగే చలనం అటూఇటూ ఆడే చలనంగా మారుతుంది. ఒక ఉదాహరణ లెక్క వేసుకోండి. చక్రం అడ్డం 3 అడుగులు, గుర్రం నడక గంటకి 4 కిలోమీటర్లు అనుకుంటే చక్రం నిమిషానికి సుమారు 23 చుట్లు తిరుగుతుంది. గేర్లతో 20 రెట్లు పెంచితే క్రాంకు 460 చుట్లు. చుట్టుకి రెండు కోతలు, అంటే సెకనుకి 15 పైచిలుకు. ఒక కోతకీ ఇంకో కోతకీ మధ్య యంత్రం 7 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఇందులో అందం ఏమిటంటే గుర్రం నెమ్మదించినా ఆ 7 సెంటీమీటర్లు మారవు, కత్తి కూడా అదే లెక్కన నెమ్మదిస్తుంది. వేగాన్ని ఒకేలా ఉంచే గవర్నర్ అనే భాగం అక్కర్లేదు. లోపమూ అక్కడే ఉంది. చక్రం బురదలో జారిందా, కత్తి ఆగిపోతుంది, యంత్రం మాత్రం పైరుని తొక్కుకుంటూ ముందుకు పోతుంది. ఆరిన గోధుమ నేలల్లో పుట్టిన డిజైన్ ఇది. మా వైపు తడి మాగాణిలో ఆ చక్రాన్ని ఊహించుకుంటేనే నవ్వొస్తుంది. ఇక్కడ ఇంజిన్‌తో కత్తి తిప్పుతూ, చైన్ల మీద నడిచే మిషన్లు వచ్చాకే తడి మడిలో కోత కుదిరింది.

"ఎవరు కనిపెట్టారు" అన్నదానికి ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పను. 1851లో లండన్ మహా ప్రదర్శనలో మెకార్మిక్ యంత్రాన్ని మొదట పత్రికలు వెక్కిరించాయి, తడి చేలో కోసి చూపించాక పెద్ద పతకం వచ్చింది. అదే ఏడాది తర్వాత జరిగిన ఇంకో పోటీలో హస్సీ యంత్రం గెలిచింది. అమ్మకాల్లో మాత్రం మెకార్మిక్‌కి సాటి లేరు. 1847లోనే షికాగోకి మారి, గోధుమ పొలాల పక్కనే ఫ్యాక్టరీ పెట్టాడు. తర్వాతి యంత్రాల్లో నిలిచింది హస్సీ తరహా కత్తి, బెల్, మెకార్మిక్‌ల తరహా రీలు. మా మిషన్‌లో ఉన్నదీ అదే జోడీ.

ఆస్ట్రేలియా దారి వేరు. 1843లో దక్షిణ ఆస్ట్రేలియాలో జాన్ రిడ్లీ చేసిన స్ట్రిప్పర్‌లో ఆడే కత్తే లేదు. ముందు దువ్వెన లాంటి పళ్లు, వాటి వెనక గిరగిరా తిరిగే బద్దలు. కంకుల్ని కొట్టి గింజలు రాల్చి పెట్టెలో పడేస్తాయి. అక్కడి ఎండకి కంకులు పెళుసుగా ఎండిపోతాయి కాబట్టి నడిచింది. ఇంగ్లండ్ చెమ్మలో అయితే నడవదు. రోమన్ల బండికి ఇది ఎంత దగ్గరో ఒక స్లైడ్‌లో పక్కపక్కన పెట్టి చూపించండి.

మిగతావి క్లుప్తంగా చాలు. 1858లో మార్ష్ సోదరులు కోసిన పైరుని బల్ల ఎత్తుకి పంపి, ఇద్దరు మనుషులు యంత్రం మీదే నిలబడి కట్టలు కట్టేలా చేశారు. తర్వాత తీగతో కట్టే యంత్రం వచ్చింది గానీ, తీగ ముక్కలు గడ్డితోపాటు పశువుల కడుపులోకి పోయేవి. 1878లో జాన్ ఆపిల్‌బీ పురికొసతో ముడి వేసే యంత్రానికి పేటెంట్ తీసుకోవడంతో ఆ గొడవ తీరింది. కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్‌కి హైరమ్ మూర్, జాన్ హాస్కల్ 1836లోనే మిషిగన్‌లో పేటెంట్ తీసుకున్నారు. లాగడానికి ఇరవై దాకా గుర్రాలు కావాలి. అక్కడి వాతావరణంలో గింజ చేలో పూర్తిగా ఆరదు. అదే యంత్రం 1854లో కాలిఫోర్నియాకి వెళ్లాక 600 ఎకరాలు కోసింది. పనల మీద ఆరబెట్టే రోజులు పోయి, కోసిన గంటలోనే గింజ చేతికొస్తే తేమ ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు మన కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం తేమ దగ్గర జరిగే రగడకి కారణం కూడా అదే.

మోడల్‌కి బెల్ కత్తెరల జోలికి పోవద్దు, అన్ని ఇరుసులు సరిచేసేసరికి సెమినార్ అయిపోతుంది. హస్సీ కత్తి, దాని మీద రీలు పెట్టండి. హ్యాక్సా బ్లేడు ముక్కలతో త్రికోణాలు చేసి ఒక ఫ్లాట్ పట్టీ మీద రివెట్ చేస్తే సరిపోతుంది. వేళ్లు మాత్రం రేకుతో రెండు పొరలుగా చేయండి, మధ్యలో బ్లేడు దూరేంత సందే ఉండాలి. జూస్ తాగే ప్లాస్టిక్ గొట్టాలతో డెమో చూపించకండి, అవి నలుగుతాయే గానీ తెగవు. ఎండిన వరిగడ్డి తెచ్చి థర్మాకోల్‌లో గుచ్చండి. పై రేకు తీసేసి ఒకసారి నడపండి, గడ్డి వంగిపోతుంది. రేకు బిగించి మళ్లీ నడపండి. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్నకి జవాబు అక్కడే దొరుకుతుంది. కత్తి పట్టీ, వేళ్ల మధ్య సందు ఎంత పెట్టాలో తేలకపోతే కామెంట్‌లో ఫొటో పెట్టండి, చూసి చెబుతాను.