రంగు డబ్బా ఇప్పుడే కొనకండి: పాత గార్డెన్ ట్రాక్టర్ బాగుచేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. మిమ్మల్ని చూసి కాదు, పదకొండేళ్ల కిందటి నన్ను గుర్తుచేసుకుని. 1960ల నాటి గార్డెన్ ట్రాక్టర్ ఒకటి చేతికొచ్చింది, ఇంజన్ పట్టేసి తిరగడం లేదు, ఒళ్లంతా తుప్పు, ఈ పని ముందెప్పుడూ చేయలేదు, మొత్తం విప్పేసి రంగు కొట్టి కొత్తదానిలా చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నా జవాబు: మొత్తం విప్పకండి, రంగు కొనకండి. ముందు దాన్ని నడిపించండి.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానో వినండి. నా మొదటి ట్రాక్టర్ 12 హార్స్‌పవర్ ఒంటి సిలిండర్ బండి. దొరికేనాటికి కాస్త తంటాలు పడితే స్టార్ట్ అయ్యేది. ఇంజన్ బాగానే ఉంది కదా అని రెండు నెలలు రంగు మీదే కూర్చున్నాను. గీకడం, ప్రైమరు, మళ్లీ గీకడం, రెండు కోట్లు, ఆపైన స్టిక్కర్లు. ఇంజన్ చుట్టూ గాలిని మళ్లించే రేకు కవరు ఉంటుంది. దాని బోల్టులు తుప్పుపట్టి కదల్లేదు. విరుగుతాయేమోనన్న భయంతో వాటి జోలికి పోకుండా, కవరు మీదే నున్నగా రంగు కొట్టేశాను. బండి మెరిసిపోయింది. ఇంట్లోవాళ్లందరినీ పిలిచి మరీ గడ్డి కోయడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు నడిచింది. ముందు లాగుడు తగ్గింది, తర్వాత లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. విప్పి చూస్తే పిస్టన్‌ను క్రాంకు ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ రెండు ముక్కలు. కవరు కింద, సిలిండర్ చల్లబడటానికి దాని చుట్టూ ఉండే రెక్కల మధ్య ఎలుక గూడు. ఎండుగడ్డీ గుడ్డపీలికలూ కలిసి దిండులా గట్టిపడి ఉన్నాయి. గాలి ఆడక ఇంజన్ ఉడికిపోయింది. దాన్ని కిందికి దించేటప్పుడు పానాలు తగిలి, రెండు నెలల రంగు ఒక్క మధ్యాహ్నంలో చెక్కులు లేచింది.

సరే, మీ బండి సంగతి. ముందు అదేమిటో తేల్చుకోండి. లాన్ ట్రాక్టర్ గడ్డి కోయడానికే పుట్టింది. గార్డెన్ ట్రాక్టర్ నాగలి లాగుతుంది, మంచు తోస్తుంది. అందుకే దానికి మందపాటి ఫ్రేము, పోత ఇనుము గేర్‌బాక్సు, పెద్ద వెనక చక్రాలు. ఆ తరంలో పేరుమోసినవి చాలావరకు అమెరికావే. సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం మొదలుపెట్టిన వీల్ హార్స్, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తెచ్చిన కబ్ కాడెట్, 1963లో వచ్చిన జాన్ డీర్ 110, ఇంకా బోలెన్స్, సింప్లిసిటీ, గ్రేవ్లీ. వీటిలో కొన్ని చేతులు మారాయి. కబ్ కాడెట్ 1981లో ఎంటీడీ కంపెనీకి, వీల్ హార్స్ 1986లో టోరో కంపెనీకి వెళ్లాయి.

అయితే విడిభాగాలు వెతికేటప్పుడు బండి పేరు కన్నా ఇంజన్ పేరే ఎక్కువ పనికొస్తుంది. పైన చెప్పిన పేర్లలో మూడు నాలుగింటి రేకుల కింద చాలాసార్లు ఉండేది ఒకటే ఇంజన్, కోలర్ కంపెనీ కె-సిరీస్. కె181 అయితే 8 హార్స్‌పవర్, కె241 అయితే 10, కె301 అయితే 12, కె321 అయితే 14, కె341 అయితే 16. బండ్లు ఎన్ని రకాలైనా ఇంజన్లు కొన్నే కావడం వల్లే, ఇన్నేళ్ల తర్వాత కూడా వీటికి గాస్కెట్లు, పిస్టన్ రింగులు, పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్కు రప్పించే కాంటాక్టులు) దొరుకుతున్నాయి. ఇంజన్ కవరు మీద నంబరు ప్లేటు ఉంటుంది. గుడ్డతో తుడిచి ఫొటో తీసుకోండి. గరుకు కాగితం పెట్టి రుద్దారో, ఆ బండి జాతకం పోయినట్టే. ఇక ముందు రాసేదంతా మీది కోలరే అనుకుని రాస్తున్నాను. వేరేదైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ఇంజన్ పట్టేసింది అన్నారు. నిజంగా ఇంజనేనా? ముందు బెల్టులన్నీ తీసి అప్పుడు తిప్పి చూడండి. స్టార్టర్-జనరేటర్ (ఇంజన్‌ను స్టార్ట్ చేసి, తర్వాత బ్యాటరీని చార్జ్ చేసే డబ్బా) బేరింగు తుప్పుపట్టి బిగుసుకున్నా, కోత బ్లేడ్ల దగ్గర పుల్లీ బిగుసుకున్నా బయటికి ఇంజన్ పట్టేసినట్టే కనిపిస్తుంది. ఒకసారి నేను మూడు రోజులు స్పార్క్ ప్లగ్గు రంధ్రంలో నూనె పోసుకుంటూ కూర్చున్నాక తెలిసింది, బిగుసుకున్నది జనరేటరని. బెల్టు తీసేసరికి ఫ్లైవీల్, అంటే ఇంజన్ చివరన ఉండే బరువైన చక్రం, వేలితో తిరిగింది.

బెల్టులు తీసినా కదలకపోతే ప్లగ్గు విప్పి, తుప్పు వదిలించే నూనె పోయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి కూడా వాడతారు. మంటకు దూరంగా, గాలి ఆడే చోట కలపండి. పోసి వదిలేయండి. రోజుకోసారి ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఒక్క వెంట్రుకవాసి కదిలినా గెలిచినట్టే, అప్పుడూ బలం చూపించొద్దు. నా రెండో బండి కదలడానికి పందొమ్మిది రోజులు పట్టింది. గేర్లో వేసి వేరే బండితో లాగించమని సలహాలిచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. రాడ్ వంగుతుంది. పిస్టన్ మీద సుత్తి కూడా వద్దు.

అప్పటికీ రాకపోతే హెడ్ విప్పడం ఈ ఇంజన్లలో పెద్ద విషయం కాదు. వాల్వులు సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి, హెడ్ అంటే ఒక మందపాటి మూతే. బోల్టు మొండికేస్తే దాని చుట్టూ వేడిచేసి కొవ్వొత్తి మైనం తాకించండి. కరిగిన మైనం మరల్లోకి పాకుతుంది. నేను నమ్మనివాణ్ని, ఇప్పుడు టూల్ బాక్సులో ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ఉంటుంది. హెడ్ తీశాక పేరుకున్న మసి గీకేయండి, వాల్వులు కదులుతున్నాయో చూడండి, కొత్త గాస్కెట్ వేసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో బిగించండి. కె181కి 15 నుంచి 20 ఫుట్-పౌండ్లు, కె241 నుంచి కె341 దాకా 25 నుంచి 30. ఒకేసారి కాదు, విడతలుగా.

ఇంజన్ తిరిగింది కదా అని వెంటనే స్టార్ట్ చేయకండి. నాలాగా దెబ్బతినకూడదంటే రేకు కవరు విప్పాలి. బోల్టు విరిగితే విరగనివ్వండి, డ్రిల్ చేసి తీసుకోవచ్చు. ఈ ఇంజన్లలో నీళ్లుండవు, రేడియేటర్ ఉండదు. ఫ్లైవీల్ విసిరే గాలి రెక్కల మధ్య నుంచి పోవడమే వాటికి చల్లదనం. ఆయిల్ పంపు కూడా ఉండదు. రాడ్ అడుగున చెంచా తోక లాంటిది ఉంటుంది, అది తిరిగినప్పుడల్లా ఆయిల్లో మునిగి లోపలంతా చిమ్ముతుంది. ఆయిల్ కాస్త తగ్గినా, ఏటవాలు నేల మీద ఎక్కువసేపు నడిపినా ఆ చెంచాకి ఆయిల్ అందదు. ఈ రెండు విషయాలూ తలకెక్కితే సగం మెకానిక్ అయినట్టే. పాత ఆయిల్ తీసేసి కొత్తది, మామూలు వాతావరణానికి ఎస్‌ఏఈ 30 గ్రేడు, పోయండి. తర్వాత ప్రతి 25 గంటలకూ మార్చండి, ప్రతిసారీ స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ చూడండి.

ఇంజన్ ఎలాగూ విప్పాల్సి వస్తే ఇంకో మాట. కె241, అంతకన్నా పెద్ద కొన్నింటిలో అదురు తగ్గించడానికి లోపల బ్యాలెన్స్ గేర్లు పెట్టారు. వాటి బేరింగులు అరిగి గేరు విడిపోతే బ్లాకు పగులుతుంది. బాగుచేసేవాళ్లలో చాలామంది వాటిని తీసి పక్కన పెట్టేస్తారు, నేనూ అంతే. అదురు కొంచెం పెరుగుతుంది, నిద్ర బాగా పడుతుంది.

స్పార్కు రాకపోతే కొత్త కాయిల్ కొనడానికి పరుగెత్తకండి. ఏళ్ల తరబడి కదలని పాయింట్ల మీద కంటికి కనిపించని పొర పేరుకుంటుంది. శుభ్రమైన విజిటింగ్ కార్డు ముక్క వాటి మధ్య పెట్టి రెండుసార్లు లాగండి. సగం బళ్లు అక్కడే బతుకుతాయి. ఈ ఇంజన్ల గొప్పతనం ఏమిటంటే పాయింట్లు ఫ్లైవీల్ కింద కాకుండా బయట చిన్న మూత కింద ఉంటాయి, రెండు స్క్రూల పని. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఖాళీ 0.020 అంగుళం, అంటే సుమారు అర మిల్లీమీటరు. సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్ లేకుండా కంటితో కొలవకండి. కంప్రెషన్ గేజ్ పెట్టి తక్కువ చూపించిందని కూడా కంగారు పడొద్దు. తేలిగ్గా స్టార్ట్ అవడానికి ఈ ఇంజన్లే కంప్రెషన్‌ను కొంచెం వదులుతాయి, ఆ అంకెను బట్టి ఏమీ తేల్చలేం.

కార్బురేటర్ పూర్తిగా విప్పి కడగాల్సిందే, పాత పెట్రోలు లోపల జిగురైపోయి ఉంటుంది. పెట్రోలు పాళ్లు సర్దే మెయిన్ స్క్రూ, ఐడిల్ స్క్రూ రెండూ మెల్లగా ఆగేదాకా తిప్పి, అక్కణ్నించి మెయిన్ రెండు చుట్లు, ఐడిల్ ఒకటింబావు చుట్టు వెనక్కి తిప్పితే స్టార్ట్ అవడానికి సరిపోతుంది. బిగించేటప్పుడు బలం పెడితే సూది మొన నొక్కుకుపోయి, ఇక జన్మలో సెట్టింగ్ కుదరదు. రబ్బరు గొట్టాలన్నీ మార్చేయండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది.

కరెంటు విషయంలో కొత్తవాళ్లు తికమకపడేది స్టార్టర్-జనరేటర్ దగ్గర. రెండూ ఒకే డబ్బా, బెల్టుతో ఇంజన్‌కు కలిపి ఉంటుంది. వైర్లు విప్పి మళ్లీ కలిపాక చార్జింగ్ రాకపోతే అది చచ్చిపోలేదు, ధ్రువాలు మర్చిపోయింది. చార్జింగ్‌ను అదుపుచేసే రెగ్యులేటర్ మీద బ్యాటరీ టెర్మినల్‌నూ ఆర్మేచర్ టెర్మినల్‌నూ చిన్న వైరుతో ఒక్క క్షణం తాకించండి. చిన్న మెరుపు వస్తుంది, అంతే.

బ్రేకు, స్టీరింగు మాత్రం నడిపే ముందే చూసుకోవాలి. ముందు చక్రాల బుష్‌లు, ఇరుసు మధ్య పిన్ను బాగా అరిగి ఉంటాయి. పాత బ్రేకు, క్లచ్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. సీటు మీంచి లేస్తే ఇంజన్ ఆపే స్విచ్చులు అప్పటి చాలా బళ్లకు లేవు. పిల్లల్ని ఎక్కించుకోవద్దు, బ్లేడ్లు తిరుగుతుండగా దిగొద్దు.

ఇవన్నీ అయ్యి, బండి ఒక సీజన్ పనిచేశాక అప్పుడు రంగు. తుప్పు వదిలించడానికి నాకు ఇష్టమైంది ఎలక్ట్రాలిసిస్, అంటే భాగాన్ని సోడా నీళ్లలో ముంచి కరెంటు పంపడం. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు, పనికిరాని ఇనప ముక్క ఒకటి. చార్జర్ నెగటివ్ మీ భాగానికి, పాజిటివ్ ఆ పాత ముక్కకి. తిరగేస్తే మీ భాగమే కరిగిపోతుంది. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ పెట్టకండి, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు అందులో వేయకండి, పాడవుతాయి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టండి. పొద్దున పెట్టిన బ్రాకెట్టు సాయంత్రానికి నల్లగా, బ్రష్షుకి ఊడిపోయే తుప్పుతో బయటికొస్తే ఆ ఆనందమే వేరు. పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. హార్డ్‌నర్ కలిపిన పెయింటు స్ప్రే చేస్తే గుడ్డ మాస్కు చాలదు, దానికి తగిన రెస్పిరేటర్ కావాలి.

అసలు రంగు వేయాలా అన్నది వేరే గొడవ. మొదటి పెయింటు సగమైనా మిగిలి ఉంటే నేను ముట్టుకోను. కడిగి, పలచగా నూనె రాసి వదిలేస్తాను. నా దగ్గరున్న మూడింట్లో మెరిసేది ఒక్కటే, అదే పైన చెప్పిన మొదటి బండి. మిగతా రెండూ చూడ్డానికి ముసలివే, పని మాత్రం అవే చేస్తాయి. పెద్దగా ఖర్చు లేని హాబీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. బండి కన్నా బిగుసుకున్న భాగాలు లాగే పుల్లర్లకీ, పానాలకీ, టైర్లకీ ఎక్కువవుతుంది. నాలుగో బండి కనిపిస్తే చెప్పొద్దని మా ఇంట్లో ముందే హెచ్చరించారు.

ఇప్పటికి మీరు చేయాల్సింది బెల్టులు తీయడం, ప్లగ్గు విప్పడం, నూనె పోయడం. ఫ్లైవీల్ కదిలిందో లేదో, నంబరు ప్లేటు మీద ఏముందో ఈ జవాబు కిందే రాయండి. అప్పటిదాకా ప్లగ్గు రంధ్రంలో గుడ్డ కుక్కి ఉంచండి, లేకపోతే లోపలికి పురుగులు దూరతాయి.