ఉద్దానం కవిత నినాదమైపోతుంటే

మీ కవితలో మనిషి లేడు. గణతంత్ర దినోత్సవానికి, శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మీద రాస్తే అందరూ నినాదం అంటున్నారని బాధపడ్డారు కదా, కారణం అదే. పంక్తుల నిండా దోపిడీ, అన్యాయం ఉన్నాయి; అక్కడి ఊళ్లు కవిటి లేదు, సోంపేట లేదు.

1. ఊరంతా వద్దు, ఒక్కరు చాలు. కిడ్నీ జబ్బుతో వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే కొబ్బరితోట కూలీని తీసుకోండి. యంత్రం దగ్గర సుమారు నాలుగు గంటలు. ఆ రోజు కూలి ఉండదు. ఈ రెండూ చెప్పి ఊరుకోండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: రాజ్యాంగం చేసిన వాగ్దానాన్ని దాని మాటల్లోనే పెట్టాలి. మీరు రాసిన ‘ఆదర్శాలు మంటగలిశాయి’ అంటే ఏ ఆదర్శం? రాజ్యాంగ పీఠిక తెరవండి. ‘అంతస్తులలోను, అవకాశములలోను సమానత్వమును’ అనే ముక్కను మార్చకుండా ఒక పంక్తిగా వేయండి. కింది పంక్తిలో ఆసుపత్రికి బస్సు కోసం నిలబడ్డ ఆ కూలీ. మధ్యలో ‘కానీ’ వద్దు, ‘అయ్యో’ అసలే వద్దు.

వైరుధ్యం మీరు కల్పించేదేమీ కాదు. 1950 జనవరి 26న వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత ఉంటాయని అంబేడ్కర్ 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో చెప్పారు.

3. ‘దేశమంటే మట్టికాదోయ్’ తీసేయండి. విజయనగరంలో గురజాడను తలిస్తే చప్పట్లు ఖాయం, అవి మీ కవితకు కావు.

4. ‘మేలుకో’ చరణం కొట్టేయండి. మిగిలింది పైకి చదివి, ఊపిరి ఆగిన చోట పంక్తి విరవండి.