మీరు అడిగారు, మేం చెప్తున్నాం: అలాస్కా బుల్లి విమానాలు

ప్రశ్న: మా ఆడపడుచు కొడుకు అలాస్కా వెళ్ళి ఫోటోలు పంపాడండి. ఆంకరేజ్‌లో ఒక చెరువు, చుట్టూ గట్టుకి కట్టేసిన చిన్న చిన్న విమానాలు, మన వీధిలో స్కూటీలు పెట్టుకున్నట్టు! అక్కడ అందరూ అంత డబ్బున్నోళ్ళా, కారు సరిపోదా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: డబ్బున్నోళ్ళూ ఉంటారు లెండి, కానీ అసలు సంగతి రోడ్లు లేకపోవడం. మీవాడు చూసింది లేక్ హుడ్ అయ్యుంటుంది, నీళ్ళ మీద దిగే విమానాలకి ప్రపంచంలోనే బాగా రద్దీగా ఉండే చోట్లలో అదొకటి. అమెరికాలోని ఈ అలాస్కా రాష్ట్రం విస్తీర్ణం మన దేశంలో సగం కంటే కాస్త ఎక్కువే, జనం చూస్తే 7 లక్షల 30 వేలు, మన జిల్లా అంత కూడా కాదు. మధ్యలో కొండలు, నదులు, చిత్తడి నేల, కింద ఏడాదంతా గడ్డకట్టి ఉండే మట్టి, పైన రోడ్డేస్తే ఆ మట్టి కరిగి కుంగిపోతుంది, పోనీ కష్టపడి వేసినా చివర్లో ఉండేది మూడొందల మంది ఊరు, ఎవరు వేస్తారు చెప్పండి. రాష్ట్ర రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేదు, ఓడైనా ఎక్కాలి, విమానమైనా ఎక్కాలి. అందుకే ఆ బుల్లి విమానం వాళ్ళకి మన పల్లెవెలుగు బస్సు, 108 అంబులెన్సు, పోస్ట్‌మాన్ సైకిలు, మూడూ కలిపి ఒకటే. పురిటికి వెళ్ళాలన్నా, పక్క ఊరితో బాస్కెట్‌బాల్ ఆడ్డానికి స్కూల్ పిల్లలు వెళ్ళాలన్నా చాలాచోట్ల అదే దిక్కు.

ప్రశ్న: మరి కిరాణా సామాన్లు? పాలు, పిండి కూడా విమానంలోనేనా, ధర ఎంతవుతుందో! (గుంటూరు నుంచి)

జవాబు: ఇదే నాకు బాగా నచ్చిన ప్రశ్న. పెద్ద బరువులు, డీజిల్ లాంటివి ఎండాకాలంలో మంచు కరిగాక బార్జి మీద, అంటే సరుకులు మోసే పెద్ద పడవ మీద వస్తాయి. మిగతా ఏడాదంతా సరుకు వెళ్ళేది పోస్టులో! నిజమే, పోస్టులోనే. బైపాస్ మెయిల్ అని అమెరికా తపాలా శాఖ స్కీము ఒకటి ఉంది, కనీసం 1000 పౌన్లు, అంటే 450 కిలోలు ఆర్డరిస్తే ఆ సరుకు పోస్టాఫీసు గడప తొక్కకుండానే నేరుగా విమానం కంపెనీకి వెళ్ళి, అక్కణ్నుంచి ఊళ్ళో కొట్టుకి చేరుతుంది, ఛార్జీ మాత్రం పార్సిల్ రేటే. ఆంకరేజ్ నుంచి బేతెల్ లాంటి ఊరికి పెద్ద విమానం, బేతెల్ నుంచి చుట్టుపక్కల పల్లెలకి చిన్నది. తపాలా శాఖకి ఇది నష్టమే, అమెరికాలో అప్పుడప్పుడూ దీని మీద గొడవ కూడా అవుతుంది. కానీ ఈ పోస్టు సరుకు డబ్బులున్నాయి కాబట్టే ఆ ఊళ్ళకి మనుషుల్ని మోసే సర్వీసులు కూడా నడుస్తున్నాయి, సరుకు ఆగితే సీటూ ఆగుతుంది. ఇంతా చేసి పాల డబ్బా ధర ఆంకరేజ్‌లో కంటే బాగా ఎక్కువే ఉంటుంది.

అలాస్కాలో విమానంలో టపా పంపే కథ మొదలైంది 1924 ఫిబ్రవరిలో. కార్ల్ బెన్ ఐల్సన్ అనే కుర్రాడు ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మెక్‌గ్రాత్‌కి మూడు గంటల్లోపే ఉత్తరాలు పట్టుకెళ్ళాడు, కుక్కల బండికి రెండు మూడు వారాలు పట్టే దారి అది. తర్వాత విమానం దిగేటప్పుడు పదేపదే దెబ్బతినేసరికి పోస్టల్ వాళ్ళు ఆపించేశారు. మరుసటేడు నోమ్ ఊళ్ళో పిల్లలకి డిఫ్తీరియా వస్తే మందు తీసుకెళ్ళింది మళ్ళీ కుక్కలే, 20 మంది బండివాళ్ళు చేతులు మార్చుకుంటూ సుమారు 1085 కిలోమీటర్లు, అయిదున్నర రోజుల్లో. అప్పటి విమానాలకి పైకప్పు కూడా లేదు, ఆ చలికి వాటిని నమ్మలేకపోయారు.

ప్రశ్న: రన్‌వే లేకుండా ఎలా దిగుతాయి సార్? (బీటెక్ స్టూడెంట్, నల్గొండ)

జవాబు: కాళ్ళు మార్చుకుంటాయి బాబూ. వేసవిలో చెరువుల మీద దిగడానికి పడవల్లాంటి ఫ్లోట్లు, చలికాలంలో మంచు మీద జారే పలకల్లాంటి స్కీలు, నదిలో ఇసుకమేటల మీద దిగాలంటే గాలి తక్కువ కొట్టిన లావుపాటి టైర్లు. పైపర్ సూపర్ కబ్ అని రెండు సీట్లది ఉంది, దానికి మన ఊరి స్కూల్ గ్రౌండ్ చాలు. నాకిష్టమైంది మాత్రం కెనడావాళ్ళ బీవర్. 1947లో మొదటిసారి ఎగిరింది, తయారీ 1967లో ఆగిపోయింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. డిజైన్ చేసేముందు అడవుల్లో తిరిగే పైలట్లనే మీకేం కావాలని అడిగారు, అందుకే డీజిల్ పీపా దొర్లించేంత వెడల్పు తలుపులు, గాల్లో ఉండగానే లోపలినుంచి ఇంజిన్ ఆయిల్ పోసుకునే ఏర్పాటు.

ప్రశ్న: మా నెల్లూరు మల్లి మస్తాన్ బాబు అలాస్కాలో ఉన్న డెనాలి శిఖరం ఎక్కాడు కదా, అక్కడికీ ఇవేనా?

జవాబు: 2006 జులై 10న ఎక్కారు, 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు పూర్తయింది ఆ కొండ మీదే. మన మలావత్ పూర్ణ కూడా 2022లో ఎక్కింది. డెనాలి ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది టల్కీట్నా అనే ఊళ్ళో స్కీ విమానం ఎక్కి, సుమారు 7200 అడుగుల ఎత్తున కహిల్ట్నా హిమానీనదం మీద దిగి అక్కణ్నుంచి నడక మొదలుపెడతారు. 1951లో ఆ హిమానీనదం మీద పర్వతారోహకుల్ని దించిన టెర్రిస్ మూర్ మామూలు పైలట్ కూడా కాదు, అప్పుడు అలాస్కా యూనివర్సిటీ ప్రెసిడెంట్!

ప్రశ్న: ఎక్కాలంటే భయమెయ్యదా?

జవాబు: వేస్తుంది, వెయ్యాలి కూడా. పొగమంచు, కనుమల్లో గాలి, కళ్ళతో దారి చూసుకుంటూ నడపడం, వీటివల్ల ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. 1999 నుంచి బేతెల్ ప్రాంతంలో విమానాలకి ఉపగ్రహాలతో దారి చూపించే పరికరాలు పెట్టి చూశారు, ప్రమాదాలు తగ్గాయి, తర్వాత అదే పద్ధతి అమెరికా అంతా వచ్చింది. వాతావరణం బాగోలేదని పైలట్ రెండ్రోజులు ఆగమంటే గొణక్కుండా ఆగండి. ఇంకోటి, టికెట్ దగ్గర మీ బరువు అడుగుతారు, తగ్గించి చెప్పకండి, పైలట్ ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ లెక్క మీదే చూసుకుంటాడు.