పద్దెనిమిది నిండకముందే ఆ పిల్లలకు నేర్పవలసినది

కన్నవారి ఆదరణ లేక బాలల సంరక్షణ గృహాల్లోనూ, తాత్కాలికంగా పెంచే కుటుంబాల్లోనూ పెరిగిన పిల్లలు 18 ఏళ్ళు నిండి బయటికి వచ్చేటప్పుడు మనబోటివాళ్ళం ఏం చేయగలమని కొందరు అడుగుతుంటారు. ఏదైనా చేతిపని నేర్పించమని చాలామంది అంటారు. అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి, ఆదివారాలు అటువంటి ఒక గృహంలో లెక్కలు చెబుతున్న నా అభిప్రాయం వేరు. ఆ పిల్లలకు పని వస్తుంది. కౌంటరు ముందు నిలబడి తమకు రావలసినది అడగడం రాదు. అది నేర్పకుండా ఎన్ని కోర్సులు చెప్పించినా వృథా.

ఐ.టి.ఐ.లో ఫిట్టరు కోర్సు చక్కగా పూర్తిచేసిన ఒక కుర్రవాడికి ఊరి శివారు వర్క్‌షాపులో పని దొరికింది. జీతం ఖాతాలోనే వేస్తామన్నారు. ఖాతా తెరవడానికి వెళితే ఆధార్ ఓటీపీ చెప్పమన్నారు. ఆ ఆధార్‌కు ఉన్నది, అతని చిన్నతనంలో గృహంలో పనిచేసి ఎప్పుడో వెళ్ళిపోయిన వార్డెను ఫోన్ నంబరు. ఓటీపీ లేనిదే కుదరదని అక్కడి ఉద్యోగి అనగానే ‘సరే సార్’ అని, ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకొని వచ్చేశాడు. వేలిముద్రతోనూ ఖాతా తెరవవచ్చునని గానీ, ఆధార్ కేంద్రానికి వెళితే నంబరు మార్చుతారని గానీ అతనికి ఎవరూ చెప్పలేదు. జీతం యజమాని దగ్గరే ఉండిపోగా, టీ, బన్నులతో రోజులు నెట్టుకొచ్చాడు. ఎందుకు అడగలేదప్పా అంటే, ‘కాదన్నారు కదా సార్’ అన్నాడు. గంట కొడితే లేచి, గంట కొడితే పళ్ళెం పట్టుకొని వరుసలో నిలబడి పెరిగినవాడికి, కాదన్న తరువాత కూడా మాట్లాడవచ్చునని ఎలా తెలుస్తుంది? మన పిల్లలు అమ్మ కూరగాయలు బేరమాడుతుంటే పక్కన నిలబడే ఇది నేర్చుకుంటారు.

బాలల న్యాయ చట్టం, 2015లోని 46వ సెక్షను సంరక్షణ గృహాల నుంచి బయటికి వచ్చే పిల్లలకు ఆర్థిక సహాయానికి వీలు కల్పించింది. ఆ తోడ్పాటు 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. మంచిదే. కానీ బయటికి వెళ్ళాక ఆ పిల్లవాడు ఎలా బతకాలన్న ప్రణాళికను, పంపడానికి రెండు నెలల ముందు ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. రెండు నెలలు ఏ మూలకు వస్తాయి?

పుట్టినరోజుకు గృహానికి వెళ్ళి కేకు కోసి, బిర్యానీ పంచి, ఫోటోలు దిగి వచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ డబ్బే పదిహేనేళ్ళ పిల్లవాడి చేతికిచ్చి, పాతూరు అంగళ్ళలో వారానికి సరిపడా సరుకులు తానే తెమ్మనండి. ఎక్కడ మోసపోయాడో అతనికే తెలుస్తుంది. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా ఖాతా నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నా, వాళ్ళతో ఒక్క విత్‌డ్రాయల్ ఫారమైనా నింపించినవారు నాకు కనబడలేదు.

మీరు నిజంగా పూనుకుంటే, జిల్లా బాలల సంరక్షణ విభాగం అనుమతితో ఒక్క పిల్లవాడినైనా, పిల్లనైనా ఎంచుకోండి. ముందు వారి ఆధార్‌లో ఎవరి నంబరు ఉందో చూడండి. బ్యాంకుకూ, ఆసుపత్రికీ వెంట వెళ్ళండి, అయితే అక్కడ మీరు నోరు విప్పకండి. గది అద్దెకు అడిగేటప్పుడు ‘మీ నాయన ఏం చేస్తాడు?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ రోజు మాత్రం ముందుకు వచ్చి, ఈ పిల్లలకు నేను పూచీ అని చెప్పండి.